లామ్డా 3 అయితే ఏమంటుందో చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోండి

"సార్, ఈక్వేషన్లు సాల్వ్ చేసుడుకు లాప్‌టాప్‌ల ఏది ఎక్కించుకోవాలె?"

నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గర మా ట్యూషన్ గదికి హాలియా, నకిరేకల్, దేవరకొండ బస్సులు దిగి వచ్చే పిల్లలు ఏటా ఒకసారైనా అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లకు తొందర, బస్సు టైమవుతుంటుంది. అందుకని ముందు జవాబు చెప్పేసి, కారణాలు తీరిగ్గా చెప్పడం నాకు అలవాటు. ఇంటర్ అయితే జియోజీబ్రా. బీఎస్సీ, ఎమ్మెస్సీ మ్యాథ్స్ అయితే మాక్సిమా. పైథాన్ ఎలాగూ నేర్చుకుంటున్నారంటే అందులోనే నడిచే సింపై. చదివే చోట మాథమెటికా లైసెన్సు ఉంటే మిగతావి పక్కన పెట్టి దాని ముందే కూర్చోండి. సొంత డబ్బు పెట్టి మాత్రం దేన్నీ కొనకండి.

ఇక కారణాలు. రెండు సమీకరణాలు, రెండు అజ్ఞాతాలు, శుభ్రమైన అంకెలు ఇస్తే పైవాటిలో ఏదైనా ఒకే జవాబు చెబుతుంది. ఆ లెక్కతో పోల్చి చూస్తే అన్నీ మంచివే అనిపిస్తాయి. లెక్క వంకరగా ఉన్నప్పుడే వీటి స్వభావాలు బయటపడతాయి: సాధన లేనప్పుడు, లెక్కలేనన్ని ఉన్నప్పుడు, ఉన్నా రాయడం కుదరనప్పుడు. నేను పరీక్ష పెట్టేది అక్కడ.

అంకెల యంత్రం వేరు, అక్షరాల యంత్రం వేరు

మాక్సిమా, సింపై, మాథమెటికా అక్షరాన్ని అక్షరంగానే ఉంచి లెక్క చేసే అక్షరాల యంత్రాలు. సైలాబ్, ఆక్టేవ్, మ్యాట్‌ల్యాబ్ పుట్టుకతో అంకెల యంత్రాలు. మాత్రిక ఇస్తే దశాంశాల్లో జవాబు ఇస్తాయి, వేగంగా ఇస్తాయి. గుణకంలో ఒక అక్షరం పెట్టి "దీన్ని అలాగే ఉంచి సాధించు" అంటే వాటికి సొంతంగా చేతకాదు. మ్యాట్‌ల్యాబ్‌కు సింబాలిక్ మ్యాథ్ టూల్‌బాక్స్ అని విడిగా కొనాలి. ఆక్టేవ్‌కు సింబాలిక్ ప్యాకేజీ ఉచితమే కానీ అది లోపల పని చేయించేది సింపై చేతే. అలాంటప్పుడు నేరుగా సింపై దగ్గరికే పోవచ్చు కదా.

ఈ తేడా నాకు ఒక మధ్యాహ్నం ఖరీదు చేసింది. ఒక కాలేజీ ల్యాబ్‌లో పిల్లలకు చూపించడానికి ఒప్పుకుని వెళ్లాను. మ్యాట్‌ల్యాబ్ ఉందన్నారు, ఉంది. టూల్‌బాక్స్ ఉందో లేదో నేను అడగలేదు, లేదు. నలభై మంది పిల్లల ముందు చాక్‌పీస్ పట్టుకుని బోర్డు మీదే గౌస్ పద్ధతి చేసి వచ్చాను. నిజానికి వాళ్లకు అదే మేలు జరిగిందేమో.

లామ్డా, మ్యూ లెక్క

బీఎస్సీలో మాత్రికలు చదివినవాళ్లందరికీ తెలిసిన లెక్క. పరీక్షల్లో అరిగిపోయిన లెక్క కూడా:

ఎక్స్ + వై + జెడ్ = 6
ఎక్స్ + 2వై + 3జెడ్ = 10
ఎక్స్ + 2వై + లామ్డా·జెడ్ = మ్యూ

లామ్డా, మ్యూ ఏ విలువలకు సాధన ఒక్కటే ఉంటుంది, ఎప్పుడు అసలు ఉండదు, ఎప్పుడు అనంతంగా ఉంటాయి? చేత్తో చేస్తే మూడో దానిలోంచి రెండోది తీసేస్తే చాలు: (లామ్డా − 3)·జెడ్ = మ్యూ − 10. మిగతా రెండింటినుంచి ఎక్స్ = 2 + జెడ్, వై = 4 − 2జెడ్. లామ్డా 3 కాకపోతే ఒకే సాధన. లామ్డా 3 అయి మ్యూ 10 కాకపోతే అసంగతం, సాధన లేదు. లామ్డా 3, మ్యూ 10 రెండూ కుదిరితే జెడ్‌ను ఏదనుకుంటే అదే, సాధనలు అనంతం.

ఇప్పుడు ఇదే లెక్కను సింపైలో 'సాల్వ్'కు, మాక్సిమాలో 'సాల్వ్'కు ఇవ్వండి. రెండూ జెడ్ అంటే (మ్యూ − 10)ను (లామ్డా − 3)తో భాగించింది అని చెప్పి ఊరుకుంటాయి. హారంలో లామ్డా − 3 కూర్చుని ఉంది, అది సున్నా అయితే ఏమిటన్న మాట ఎత్తవు. తప్పు చెప్పలేదు, సగం చెప్పాయి. పరీక్షలో ఈ ఒక్క వాక్యం రాసి వస్తే ఎన్ని మార్కులు పడతాయో మీకే తెలుసు. మాథమెటికాలో 'సాల్వ్' కూడా మామూలుగా ఇంతే చేస్తుంది. కానీ అందులో 'రెడ్యూస్' అని ఇంకొకటి ఉంది. దానికి ఇస్తే మూడు సందర్భాలూ విడివిడిగా, "లామ్డా 3 కాకపోతే ఇది, అయితే ఇది" అని రాసి ఇస్తుంది. మాథమెటికా లాంటిదే, కొనుక్కోవాల్సిన ఇంకో సాఫ్ట్‌వేర్ మేపుల్‌లో కూడా 'సాల్వ్'కు 'పారామెట్రిక్' అనే ఐచ్ఛికం జోడిస్తే సందర్భాలు విడగొడుతుంది. లైసెన్సు దొరికితే మాథమెటికా వదలొద్దని నేననేది ముఖ్యంగా ఈ రెడ్యూస్ కోసమే.

ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఆ పని తామే చేసుకోవాలి, కష్టమేమీ కాదు. ముందు గుణక మాత్రిక నిర్ధారకం అడగండి. ఇక్కడ అది సరిగ్గా లామ్డా − 3 అని వస్తుంది. దాన్ని సున్నా చేసే విలువను మళ్లీ వ్యవస్థలో పెట్టి విడిగా సాధించమనండి. లామ్డా 3, మ్యూ 10 పెడితే మాక్సిమా "డిపెండెంట్ ఈక్వేషన్స్ ఎలిమినేటెడ్: (3)" అని ఒక లైను రాసి, స్వేచ్ఛా చలరాశికి తనే ఒక పేరు పెట్టి సాధన ఇస్తుంది. మూడో సమీకరణం దండగ అని చెప్పడమన్నమాట. ఈ ఒక్క లైను కోసం నేను డిగ్రీ పిల్లలకు మాక్సిమా వైపు మొగ్గుతాను. మాత్రిక కోటి (ర్యాంకు) అంటే ఏమిటో నోట్సులో నాలుగు పేజీలు రాసినా ఎక్కనిది, యంత్రం "మూడోది తీసేశాను" అంటే ఎక్కుతుంది. సింపై అలాంటి వ్యాఖ్యానం చేయదు. జెడ్‌ను అలాగే ఉంచి ఎక్స్, వై లను దాంట్లో రాసి ఇస్తుంది. సాధన లేకపోతే ఉత్త ఖాళీ బ్రాకెట్.

జియోజీబ్రాకు ఈ లెక్కలో ఇంకో బలం ఉంది. మూడు సమీకరణాలనూ త్రీడీలో మూడు తలాలుగా గీసి, లామ్డాకు స్లైడర్ పెట్టి మెల్లగా 3 వైపు జరపండి. మూడో తలం తిరుగుతూ తిరుగుతూ 3 దగ్గర రెండో తలానికి సమాంతరమైపోతుంది. మ్యూ కూడా 10 చేస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఇంటర్ పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి?

ప్లాటు కాగితం మీది 320 గజాలు

మిర్యాలగూడలో మా చుట్టాలాయన ప్లాటు చూశాడు. కాగితంలో 320 గజాలని ఉంది. దీర్ఘచతురస్రం, టేపు పెట్టి ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిస్తే 25 గజాలు వచ్చింది. అటు ఇటు కొలిచే వీల్లేదు, ఒక పక్క ముళ్లకంప, ఇంకో పక్క ఎవరిదో ఇటుకల కుప్ప. "పొడవు, వెడల్పు ఎంతో లెక్కేసి చెప్పు రా" అని ఫోన్.

పైథాగరస్‌తో ఒకటి, వైశాల్యంతో ఒకటి: ఎక్స్² + వై² = 625, ఎక్స్·వై = 320. సింపైకి ఇస్తే నాలుగు సాధనలు తెచ్చి ముందు పెట్టింది, పొడుగాటి వర్గమూలాలతో, నాలుగింట్లోనూ సంకీర్ణ సంఖ్యలు. మా చుట్టానికి ఊహా సంఖ్యల్లో వెడల్పున్న ప్లాటు అమ్మజూపుతున్నారన్నమాట! నిజానికి 25 గజాల కర్ణం ఉన్న దీర్ఘచతురస్రం ఎంత సాగదీసినా 312.5 చదరపు గజాలకు మించదు, అది కూడా సరిగ్గా చతురస్రం అయితేనే. 320 అసాధ్యం. కాగితమైనా తప్పు, టేపైనా తప్పు. మళ్లీ కొలిపించమన్నాను. ముళ్లకంప కొట్టించి కొలిస్తే 15కు 20, అంటే 300 గజాలు.

ఇక్కడ నేర్చుకోవాల్సింది, అజ్ఞాతం ఎలాంటి సంఖ్యో ముందే చెప్పడం. సింపైలో చలరాశిని ప్రకటించేటప్పుడే అది ధనసంఖ్య అని చెప్పవచ్చు. అలా చెప్పి 300 ఇస్తే (15, 20), (20, 15) రెండే వస్తాయి, రుణ జంట రాలిపోతుంది. 320 ఇస్తే ఏమీ రాదు. మాథమెటికాలో వాస్తవ సంఖ్యలు మాత్రమే అని చివర్లో ఒక మాట చేర్చాలి. మాక్సిమాలో 'రియల్‌ఓన్లీ' అనే జెండా (ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటిది) ఉంది. మూడింటిలో సింపై పద్ధతే నాకు నచ్చుతుంది. పొడవు ధనాత్మకమే అన్న సంగతి లెక్క మొదట్లో చెప్పాల్సిందే తప్ప చివర్లో ఏరుకునేది కాదు.

లోపల ఏం జరుగుతుందో కూడా ఒకసారి చూడండి. వై ని తొలగిస్తే 300 లెక్క ఎక్స్⁴ − 625ఎక్స్² + 90000 = 0 అవుతుంది. ఎక్స్² విలువలు 225, 400. ఇలా బహుపది సమీకరణాలను ఒక్కో చలరాశిని తొలగించుకుంటూ మెట్లమెట్లుగా చేసే సాధారణ పద్ధతిని 1965లో బ్రూనో బుక్‌బెర్గర్ తన పీహెచ్‌డీలో ఇచ్చాడు. దానికి తన గురువు పేరు పెట్టి గ్రోబ్నర్ బేసిస్ అన్నాడు. గౌస్ తొలగింపును వక్రాలకు కూడా పట్టించినట్టు అనుకోండి. రెండో ఘాతపు సమీకరణాలు రెండుంటే సాధనలు నాలుగు దాకా ఉండొచ్చు, మూడుంటే ఎనిమిది దాకా. ఘాతాలు గుణించుకుంటూ పోతాయి, పని అంతకంటే ఘోరంగా పెరుగుతుంది. సింపై మొత్తం పైథాన్‌లో రాసింది కాబట్టి నాలుగైదు చలరాశుల వక్ర వ్యవస్థ ఇస్తే మా 4 జీబీ లాప్‌టాప్ రాత్రంతా మూలుగుతూనే ఉంటుంది. అంత లెక్కలు నిజంగా ఉన్నవాళ్లు సేజ్‌మ్యాథ్ చూడాలి. దాని లోపల బహుపదుల కోసమే రాసిన సింగ్యులర్ ఉంటుంది. విండోస్‌లో సేజ్ ఎక్కించడం మాత్రం డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) ద్వారా పోవాలి, మొదటిసారి చేసేవాళ్లకు ఒక పూట పని.

దశాంశ చుక్క కనబడితే ఆగండి

అక్షరాల యంత్రం గొప్పంతా భిన్నాన్ని భిన్నంగా, వర్గమూలాన్ని వర్గమూలంగా ఉంచడంలోనే ఉంది. సింపైలో కొత్తవాళ్లు దీన్ని మొదటిరోజే పోగొట్టుకుంటారు. 1/3 అని టైపు చేస్తే అది సింపై చేతికి చేరకముందే పైథాన్ భాగించేసి 0.333 గా మార్చేస్తుంది. 'రేషనల్' అని చెప్పి 1, 3 విడిగా ఇవ్వాలి. మాక్సిమాలో ఈ బాధ లేదు, 1/3 అంటే 1/3 గానే ఉంటుంది. 0.1 ఇచ్చినా దాన్ని 1/10 గా మార్చుకున్నానని ఒక లైను రాసి చెబుతుంది.

ఇది చాదస్తం అనుకునేవాళ్లకు ఒక లెక్క. ఎక్స్ + వై = 2, ఎక్స్ + 1.0001వై = 2.0001. సాధన (1, 1). కుడివైపు 2.0001 ని 2.0002 చేయండి. సాధన (0, 2) అయిపోతుంది. నాలుగో దశాంశంలో వెంట్రుకవాసి కదిలితే జవాబు ఊరు దాటింది. ఇలాంటి వ్యవస్థలో ఎక్కడో ఒక 0.333 దూరితే ఎవరికి తెలుస్తుంది?

మాక్సిమా కూడా పూర్తిగా అమాయకం కాదు. వక్ర వ్యవస్థలో ఖచ్చితమైన మూలం రాయలేకపోతే అది తనంతట తానే దశాంశాల్లోకి జారుతుంది. 'ఆల్జెగ్జాక్ట్' అనే జెండాను నిజం చేస్తే జారదు. ఖచ్చితమైన జవాబు అడిగిన చోట చుక్క కనబడిందంటే వెనక్కి వెళ్లి చూడండి.

బరాబర్ గుర్తు గొడవ కూడా ఇక్కడే చెప్పేస్తాను. మాక్సిమాలో సమీకరణానికి = సరిపోతుంది, విలువ ఇవ్వడానికి కోలన్. మాథమెటికాలో, మ్యాట్‌ల్యాబ్‌లో సమీకరణానికి ==. సింపైలో రెండూ కాదు, 'ఈక్యూ' అని రాయాలి, లేదా అంతా ఎడమవైపుకు తెచ్చి సున్నాకు సమానం అనుకోవాలి. సింపైలో == పెడితే అది రాతలు రెండూ ఒకేలా ఉన్నాయా అని చూస్తుంది. (ఎక్స్ + 1)², ఎక్స్² + 2ఎక్స్ + 1 సమానం కావని చెబుతుంది! జవాబు సరిచూసేటప్పుడు తేడా తీసి సరళీకరించి సున్నా వస్తుందో లేదో చూడండి.

జవాబు రాయలేనప్పుడు

ఎక్స్⁵ − ఎక్స్ − 1 = 0 కు మూలాలు ఉన్నాయి, ఒకటి వాస్తవం, 1.1673 దగ్గర. కానీ దాన్ని వర్గమూలాలు, ఐదో మూలాలతో రాయడం ఎవరి వల్లా కాదు. అయిదో ఘాతానికి అలాంటి సాధారణ సూత్రం లేదని 1824లోనే ఆబెల్ నిరూపించాడు. మాక్సిమా ఇలాంటి చోట మీ సమీకరణాన్ని మీకే తిప్పి ఇస్తుంది. సింపై, మాథమెటికా "ఈ బహుపదికి ఫలానా నంబరు మూలం" అని ఒక పేరు పెట్టి ఇస్తాయి. పేరే అయినా దాంతో ముందుకు లెక్క చేయొచ్చు, కావాలంటే ఎన్ని దశాంశాలైనా తీయొచ్చు. ఈ రౌండ్ వాటిదే. కాస్ ఎక్స్ = ఎక్స్ లాంటివి వస్తే అక్షరాల మోజు వదిలి, అంకెల్లో 0.739 దగ్గర పట్టుకోవడమే. దానికి సింపైలో 'ఎన్‌సాల్వ్', మాక్సిమాలో 'ఫైండ్_రూట్' ఉన్నాయి.

రాయగలిగీ పనికిరాని జవాబులూ ఉంటాయి. ఒక ఎమ్మెస్సీ అమ్మాయి ఆరు అజ్ఞాతాల విద్యుత్ వలయం తెచ్చింది, నిరోధాలన్నీ అక్షరాలే. సింపై సాధించింది. ఆ అమ్మాయి దాన్ని జిరాక్స్ సెంటర్లో ప్రింటు తీయించి పదకొండు కాగితాలు నా బల్ల మీద పెట్టి, "ఇండ్ల ఏమున్నది సార్?" అంది. ఏమీ లేదు. ఆరు వరుసల నిర్ధారకంలో గుణకాలన్నీ అక్షరాలైతే 720 పదాలు రావచ్చు, పైన, కింద. ఏ నిరోధం మారితే ఏమవుతుందో చూడాలనుకుందో అడిగాను. ఒక్కటే. మిగతావాటికి అంకెలు పెట్టి, దాన్నొక్కదాన్ని అక్షరంగా ఉంచితే జవాబు రెండు లైన్లలోకి వచ్చింది.

పూర్ణాంకాలే కావాలంటే

నూరు రూపాయలకు నూరు కాయలు: బత్తాయి పది రూపాయలు, జామకాయ మూడు, నిమ్మకాయ అర్ధరూపాయి. మూడూ కొనాలి. (ధరలు నకిరేకల్ మార్కెట్‌వి కావు, లెక్క కోసం.) సమీకరణాలు రెండు, అజ్ఞాతాలు మూడు. మామూలు 'సాల్వ్' ఒక స్వేచ్ఛా చలరాశితో అనంత కుటుంబం ఇచ్చి తప్పుకుంటుంది. నిమ్మకాయలు తొలగిస్తే 19బత్తాయి + 5జామ = 100 మిగులుతుంది. సింపైలో దీన్ని 'డయోఫాంటైన్' అనే దానికి ఇవ్వాలి, మాథమెటికాలో పూర్ణాంకాలని చెబితే చాలు, మేపుల్‌లో 'ఐసాల్వ్'. బత్తాయిలు 5, జామకాయ 1, నిమ్మకాయలు 94. ఇలాంటి పూర్ణాంక లెక్కలకు ఆర్యభటుడు చెప్పిన కుట్టకం పద్ధతి తెలిసినవాళ్లకు యంత్రమూ అక్కర్లేదు. పైథాన్ 3లో చలరాశి పేరును తెలుగు లిపిలోనే 'బత్తాయి' అని రాసుకోవచ్చని పిల్లలకు చూపించినప్పుడు గదిలో వచ్చిన నవ్వు వేరు.

లాప్‌టాప్ లేనివాళ్లకు

మా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందికి ఫోనే ఉంటుంది. ఫోన్‌లో జియోజీబ్రా కాస్ (సీఏఎస్, అంటే అక్షరాల యంత్రం) కాలిక్యులేటర్ యాప్ ఉంది, అక్షరాల సమీకరణాలు సాధిస్తుంది. బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కోల్యాబ్‌లో సింపై ముందే ఎక్కి ఉంటుంది. సేజ్‌మ్యాథ్‌సెల్ అనే వెబ్ పేజీలో ఖాతా కూడా అక్కర్లేకుండా సేజ్, మాక్సిమా రెండూ నడుస్తాయి. వోల్‌ఫ్రమ్ ఆల్ఫాలో జవాబు ఉచితం, మెట్లు పూర్తిగా కావాలంటే డబ్బు. చాట్‌బాట్‌ను సమీకరణాలు సాధించమంటే జవాబు నమ్మకంగా చెబుతుంది, కాకపోతే నమ్మకం వేరు, నిజం వేరు. సింపై కోడు రాయమని అడిగి, దాన్ని కోల్యాబ్‌లో మీరే నడపండి.

మొన్న సాయంత్రం హాలియా బస్సెక్కిన అమ్మాయికి ఇదంతా చెప్పి, ఇంటికెళ్లి లామ్డా లెక్కతో పరీక్షించమని పంపాను. తొమ్మిదింటికి ఫోన్.

"సార్, సింపైల లామ్డా 3 పెడితె ఉత్త బ్రాకెట్లొచ్చినయ్. ఖరాబైందా?"

"మ్యూ ఎంత పెట్టినవ్ బిడ్డా?"

"12 సార్."

"అయితే ఖరాబు కాలే. ఇప్పుడు 10 పెట్టి చూడు."